బంకులో 8, యార్డులో 30: ఒక క్రషర్ డీజిల్ కేసు

డీజిల్ బండ్లలో ఇంజన్‌కు డీజిల్ అందించే పంపులు, మెయింటెనెన్స్ పనిలో నాకు ఇరవై ఏళ్లు దాటాయి. ఎక్కువగా అనంతపురం, కడప, కర్నూలు జిల్లాల్లోని క్రషర్లు, టిప్పర్ల యజమానుల దగ్గరే తిరుగుతుంటాను. ఈ కేసు 2022 చివర్లో వచ్చింది. యజమాని అనుమతితోనే రాస్తున్నాను. ఊరు, బండ్ల కంపెనీ, మనుషుల వివరాలు తీసేశాను. ఇందులో జరిగిన పొరపాటు ఇప్పటికీ చాలా యార్డుల్లో జరుగుతోంది. చేసేవాళ్లు చెడు ఉద్దేశంతో చేయరు, బండి బాగుండాలనే చేస్తారు. దాన్ని పట్టుకోవడంలో నేను కూడా మూడు వారాలు దారి తప్పాను. అందుకే రాయాలనిపించింది.

నేపథ్యం

అనంతపురం, కడప జిల్లాలు కలిసే చోట ఒక కంకర క్రషర్. చుట్టుపక్కల నాపరాయి గనులు, పాలిష్ యూనిట్లు ఉన్నాయి. యార్డులో ఆరేసిన టవల్‌ని సాయంత్రం దులిపితే పిండిమిల్లులో దులిపినట్టు తెల్లగా రాలుతుంది. యజమానికి ముప్పై అయిదేళ్లుంటాయి. తండ్రి నుంచి వ్యాపారం చేతికి వచ్చింది. దాంతోపాటు రెండు పాత ఎక్స్‌కవేటర్లు, ఒక లోడర్, ఒక పాత జనరేటర్, వాటన్నిటినీ పిల్లల్లా చూసుకునే ఒక మేస్త్రీ కూడా వచ్చారు. మేస్త్రీకి అరవై దాటాయి. యజమాని ఆయన్ను మామా అనే పిలుస్తాడు.

2022 మొదట్లో యజమాని కొత్త పొగ నిబంధనల (బీఎస్-6) ప్రకారం తయారైన ఆరు టిప్పర్లు కొన్నాడు. అయిదు టిప్పర్లు గని నుంచి క్రషర్‌కు రాయి తోలతాయి, అటు మూడు కిలోమీటర్లు, ఇటు మూడు కిలోమీటర్లు. ఆరోది బయటి కాంట్రాక్టు మీద హైవేలో తిరుగుతుంది. యార్డులో వెయ్యి లీటర్ల ట్యాంకులు రెండున్నాయి. లైసెన్స్ లేకుండా డీజిల్ ఒకచోట 2,500 లీటర్ల దాకా, ఒక్కో పాత్రలో 1,000 లీటర్లు మించకుండా నిల్వ పెట్టుకోవచ్చు కాబట్టి ఆ సైజు. రెండు రోజులకోసారి బంకు నుంచి బౌజర్ (డీజిల్ తెచ్చే ట్యాంకర్ బండి) వచ్చి నింపి వెళ్తుంది. బయట తిరిగే టిప్పర్ తప్ప అన్ని బండ్లూ యార్డులోనే పోయించుకుంటాయి.

ఇక్కడ డీజిల్ గురించి కొంచెం చెప్పుకోవాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమ్మే డీజిల్‌లో సల్ఫర్, అంటే గంధకం, 10 పీపీఎంకు (బరువులో పది లక్షలకు పది భాగాలకు) మించకూడదు. అంతకుముందు 50 ఉండేది, దానికి ముందు మన ప్రాంతంలో 350. మేస్త్రీ పని నేర్చుకున్న రోజుల్లో అయితే ఒక శాతం, అంటే పది వేల పీపీఎం దాకా ఉండేది. 10 పీపీఎం అంటే వెయ్యి లీటర్ల ట్యాంకు మొత్తంలో ఉండదగిన గంధకం ఎనిమిది గ్రాముల పైచిలుకు. టీ చెంచాతో రెండు చెంచాల పొడి కూడా కాదు. కొత్త బండ్ల సైలెన్సర్ వైపు పొగను శుభ్రం చేసే డీఓసీ (పొగలో కాలకుండా మిగిలిన వాయువులను మార్చే క్యాటలిస్ట్), డీపీఎఫ్ (మసిని పట్టే ఫిల్టర్), ఎస్‌సీఆర్ (నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే భాగం) అన్నీ ఆ రెండు చెంచాల హద్దును నమ్ముకుని తయారైనవే.

వచ్చిన సమస్య

అయిదు టిప్పర్లలో డీపీఎఫ్ లైటు మాటిమాటికీ వెలుగుతోంది. కొత్తలో పాతిక ముప్పై గంటలకోసారి రీజెన్ (ఫిల్టర్‌లో పట్టిన మసిని వేడితో కాల్చేయడం) అడిగే బండి, తొమ్మిదో నెలకు ఆరేడు గంటలకే అడుగుతోంది. గని ఎత్తు మీద లోడుతో వచ్చేటప్పుడు పికప్ చచ్చిపోతోంది. మైలేజీ తగ్గింది. రెండు బండ్లు ఒకే వారంలో, ఇంజన్ దానంతట అదే బలం తగ్గించుకునే లింప్ మోడ్‌లోకి వెళ్లి గని దారిలో నిలబడ్డాయి. ఇంకోవైపు పాత ఎక్స్‌కవేటర్లలో డీజిల్ ఫిల్టర్లు వారానికోటి మూసుకుపోతున్నాయి, పంపుల దగ్గర చెమ్మ కారుతోంది.

యజమాని ఫోన్లో ఒక్కటే మాట చెప్పాడు. "అన్నా, ఈ కొత్త డీజిల్ మాకు పడట్లేదు. పాత బండ్లకూ పడలేదు, కొత్త బండ్లకూ పడలేదు."

ఆ మాట నన్ను కొన్నాళ్లు తప్పుదారి పట్టించింది. పాత బండ్ల రోగం, కొత్త బండ్ల రోగం ఒకటేనని ఆయన అనుకున్నాడు. నేనూ ఒకే కారణం కోసం వెతకడం మొదలుపెట్టాను.

నేను వెళ్లేలోపు జరిగినవి

సర్వీస్ సెంటర్ వాళ్లు రెండు బండ్లకు ప్రెషర్ సెన్సర్లు మార్చారు. ఒకదానికి నాజిళ్లు విప్పి చూసి బాగానే ఉన్నాయని బిగించారు. తర్వాత వాళ్లు చెప్పింది, మూడు కిలోమీటర్ల ట్రిప్పుల్లో సైలెన్సర్ వేడెక్కదు, మసి దానంతట అది కాలదు, వారానికోసారి హైవే మీద గంటసేపు తోలండి అని. అది సరైన సలహాయే. పొగ వేడిగా ఉంటేనే డీపీఎఫ్‌లో మసి కాలుతుంది. చిన్న ట్రిప్పుల బండ్లకు ఈ ఇబ్బంది ఎక్కడైనా ఉంటుంది. యజమాని నాలుగు ఆదివారాలు వరసగా గుత్తి రోడ్డు మీద బండ్లు తిప్పించాడు. తిప్పిన రెండు రోజులు బాగుండేది, మూడో రోజు మళ్లీ లైటు.

హైవే టిప్పర్‌కు ఏ సమస్యా లేకపోవడంతో ఈ వాదన అందరికీ నిజమనిపించింది. అదే కంపెనీ, అదే మోడల్, అదే నెలలో కొన్న బండి. రోడ్డు మీద తిరుగుతుంది కాబట్టి బాగుంది అనుకున్నారు. మొదటి రోజు నేనూ అదే అనుకున్నాను. ఆ బండికి మిగతా వాటికి తేడా రోడ్డు ఒక్కటే కాదని, అది యార్డు డీజిల్ ముట్టదని నాకు తట్టడానికి రెండు వారాలు పట్టింది.

నేను తప్పు చేసిన చోట

ఫిల్టర్లు మూసుకుపోవడం, పికప్ తగ్గడం రెండూ చూసి నాకు కల్తీ అనుమానం వచ్చింది. మన వైపు తక్కువ ధరకు ఏదేదో నూనె బయోడీజిల్ పేరుతో తెచ్చి అంటగట్టేవాళ్లను చూశాను. కిరోసిన్ కలిపిన కాలాన్నీ చూశాను. బౌజర్‌లో ఏదో కలుస్తోందని అనుకుని హైడ్రోమీటర్ పట్టుకుని వెళ్లాను. డెన్సిటీ చూసి, ఉష్ణోగ్రతను బట్టి 15 డిగ్రీల లెక్కకు మార్చి, చలానాలో రాసిన డెన్సిటీతో పోల్చాను. తేడా 3 యూనిట్లు దాటితే అనుమానించాలి. యార్డు ట్యాంకు డీజిల్‌కీ చలానాకీ తేడా ఒకటి కూడా లేదు.

అప్పుడే ఆగి ఆలోచించాల్సింది. నేను ఆగలేదు. మనసులో అనుమానం బలంగా ఉండటంతో బంకు మార్చమని యజమానికి చెప్పాను. పదేళ్లుగా అప్పు మీద పోస్తున్న బంకు అది. యజమాని మొహమాటపడుతూనే మార్చాడు. రెండు వారాలు గడిచాయి, లైట్లు అలాగే వెలుగుతున్నాయి. ఆ బంకు వాళ్ల తప్పేమీ లేదని తర్వాత తేలింది. నేనే స్వయంగా వెళ్లి వాళ్లకు ఆ మాట చెప్పి వచ్చాను.

డెన్సిటీ పరీక్ష నన్ను ఎందుకు మోసం చేసిందో చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఆ ఒక్క పరీక్షనే నమ్ముకుంటారు. డీజిల్ లీటరు సుమారు 830 గ్రాములు, ఇంజన్ ఆయిల్ 870, 880 గ్రాములు. వెయ్యి లీటర్ల డీజిల్‌లో అయిదు లీటర్ల ఆయిల్ కలిస్తే డెన్సిటీ పావు యూనిట్ కూడా మారదు. హైడ్రోమీటర్ గీతల మీద అది కంటికి ఆనదు. డెన్సిటీ పెద్ద కల్తీని పట్టిస్తుంది. సల్ఫర్ విషయంలో హాని చేసేంత చిన్న కల్తీ దానికి చిక్కదు.

అగ్గిపుల్ల వాసన

దారి చూపింది ఒక వాసన. అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెడుతున్న టిప్పర్‌ను ఒకరోజు పొద్దున్నే ఖాళీ జాగాలో నిలబెట్టి, స్కానర్‌తో ఫోర్స్ రీజెన్ (మనమే బలవంతంగా మొదలుపెట్టే రీజెన్) పెట్టాను. ఈ పని చేసేటప్పుడు డీపీఎఫ్‌లో వేడి 600 డిగ్రీల దరిదాపులకు వెళ్తుంది. బోద గడ్డి, ఎండుటాకులు ఉన్నచోట పెట్టకూడదు. ఇరవై నిమిషాలు గడిచాక గాలి నా వైపు తిరిగింది. ముక్కు మంటెత్తింది. అగ్గిపుల్ల గీసిన వెంటనే వచ్చే ఘాటు వాసన అది. శుభ్రమైన డీజిల్ తాగిన బీఎస్-6 బండి రీజెన్‌లో అలా వాసన రాదు. డీఓసీ మీద పేరుకున్న సల్ఫేట్లు వేడికి విడిపోతుంటే వచ్చే గంధకం పొగ అది.

రెండో సూచన స్కానర్‌లో దొరికింది. రీజెన్ అయిపోయాక ఫిల్టర్‌కు ముందు, తర్వాత ఉండే ప్రెషర్ తేడా చూశాను. మసి మొత్తం కాలితే అది కొత్త బండి అంకెకు దగ్గరగా రావాలి. ఇక్కడ దానికి రెండింతలకు పైనే ఆగిపోయింది. ఇంకోసారి రీజెన్ పెట్టాను. అంతే, ఒక్క గీత కూడా దిగలేదు.

పొయ్యి దగ్గర పనిచేసిన ఎవరికైనా ఇది తెలుసు. మసి కాలుతుంది, బూడిద కాలదు. రెండుసార్లు కాల్చినా పోలేదంటే ఫిల్టర్‌లో ఉన్నది మసి కాదు. డీజిల్ నుంచి బూడిద దాదాపు రాదు. బూడిద వచ్చేది ఇంజన్ ఆయిల్‌లోని కాల్షియం, జింక్ లాంటి లోహాల నుంచి. ఇంజన్ కొద్దిగా ఆయిల్ తాగడం మామూలే, కానీ తొమ్మిది నెలల బండి ఇంత బూడిద పోగేసుకోవడం మామూలు కాదు. పైగా అయిదు బండ్లూ ఒకేసారి ఆయిల్ తాగడం మొదలుపెట్టవు.

గంధకం, బూడిద రెండూ ఒకేచోట కనబడ్డాయి. రెండూ ఉండేది ఇంజన్ ఆయిల్‌లోనే.

మూడు సీసాల్లో డీజిల్ పట్టాను. ఒకటి బౌజర్ గొట్టం నుంచి, ఒకటి యార్డు ట్యాంకు నుంచి, ఒకటి టిప్పర్ ట్యాంకు నుంచి. సల్ఫర్ పరీక్ష కోసం గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు పంపాను. నాలుగో రోజు రిపోర్టు వచ్చింది. బౌజర్‌లో 8 పీపీఎం, యార్డు ట్యాంకులో 30, టిప్పర్‌లో 28.

బంకు నుంచి శుభ్రంగా వచ్చిన డీజిల్ యార్డులో పాడవుతోంది.

సాయంత్రం ఆరు గంటలకు

ఎవరినీ అడగకుండా ఒక సాయంత్రం బౌజర్ వచ్చే వేళకు వెళ్లి కూర్చున్నాను. బౌజర్ నింపి వెళ్లిపోయింది. డ్రైవర్లు టీకి పోయారు. మేస్త్రీ ట్యాంకు దగ్గరికి వచ్చారు. చేతిలో నల్లబడిన అయిదు లీటర్ల క్యాన్, ఇంకో చేతిలో ఇత్తడి గరాటు. గరాటు మూతికి ఉతికిన బనియను గుడ్డ రెండు మడతలు పెట్టి కట్టి ఉంది. మూత తీసి, చుట్టూ ఉన్న దుమ్మును అరచేత్తో తుడిచి, గరాటు పెట్టి, క్యాన్‌లోని ఇంజన్ ఆయిల్‌ను సన్నని ధారగా పోశారు. ఒక్క చుక్క కింద పడలేదు. చివరి చుక్క దిగేదాకా క్యాన్ వంచి పట్టుకుని నిలబడ్డారు. కొత్త ఆయిలే, వాడిన ఆయిల్ కాదు. తర్వాత రెండో ట్యాంకు దగ్గరికి వెళ్లారు.

నేను లేచి వెళ్లి అడిగాను. ఆయన దాచలేదు, దాచాల్సింది ఉందని ఆయనకు తెలియదు కూడా.

"ఈ డీజిల్లో పస లేదు సార్. చేతికి పోసుకుంటే నీళ్ల మాదిరి జారిపోతాది. 2020లో ఇది వచ్చినాకనే మా పంపులు కారడం మొదలయింది. పీపాకు లీటరు ఆయిల్ పోస్తాండా. నేను పోయకపోతే ఆ పంపులు ఎప్పుడో కొట్టేసుండేవి."

రెండు వందల లీటర్ల పీపాకు లీటరు, వెయ్యి లీటర్ల ట్యాంకుకు అయిదు లీటర్లు. పీపాల కాలంలో నేర్చుకున్న కొలతనే ట్యాంకుకూ పట్టించారు. రెండున్నరేళ్లుగా పోస్తున్నారు. కొత్త టిప్పర్లు వచ్చిన మొదటి రోజు నుంచీ ఆ ఆయిల్ వాటికీ వెళ్తోంది.

యజమానికి ఈ విషయం తెలియదు. ఆయిల్ డబ్బాల బిల్లు వచ్చినప్పుడు ఎక్స్‌కవేటర్లు ఆయిల్ ఎక్కువ తాగుతున్నాయనుకున్నాడు. డీజిల్‌లో ఏమైనా కలుపుతున్నారా అని మొదటి రోజే మేస్త్రీని అడిగి ఉంటే మూడు వారాలు మిగిలేవి. నేను యజమానితోనే మాట్లాడాను. డీజిల్ పోసే మనిషితో మాట్లాడలేదు. ఆ తర్వాత ఏ కేసుకు వెళ్లినా మొదట డీజిల్ పోసే మనిషి పక్కన పది నిమిషాలు కూర్చుంటున్నాను.

చలానా వెనక వేసిన లెక్క

ఆ రాత్రి యజమాని, మేస్త్రీ, నేను ముగ్గురం ఆఫీసు గదిలో కూర్చుని లెక్క వేశాం. బీఎస్-6 ఇంజన్ల కోసం తయారయ్యే సీకే-4 గ్రేడు ఇంజన్ ఆయిల్‌కే గంధకం పరిమితి 0.4 శాతం. అంటే 4,000 పీపీఎం. మేస్త్రీ పోసేది పాత గ్రేడు అయినా ఆ అంకెనే పట్టుకున్నాం. అయిదు లీటర్ల ఆయిల్ బరువు 4.35 కిలోలు, అందులో గంధకం 17 గ్రాముల పైన. దాన్ని 830 కిలోల డీజిల్‌లో కలిపితే 21 పీపీఎం. బంకు నుంచి వచ్చిన 8కి 21 కలిపితే 29. ల్యాబ్ రిపోర్టులో 30 ఉంది. మేస్త్రీ రెండు అంకెలనూ వేలితో చూపించి, కాసేపు ఏమీ మాట్లాడలేదు.

బూడిద లెక్క ఇంకా బాధ కలిగించింది. ఆయన పోసే పాత గ్రేడు ఆయిల్ డబ్బా మీది షీటు ప్రకారం సల్ఫేటెడ్ యాష్ (ఆయిల్ కాలాక మిగిలే బూడిద) 1.3 శాతం. అయిదు లీటర్లలో 56 గ్రాముల బూడిద. టిప్పర్ రోజుకు 50 లీటర్లు తాగితే రోజుకు దాదాపు 3 గ్రాములు, నెలకు పాతిక రోజుల లెక్కన 70 గ్రాములు. తొమ్మిది నెలలకు 630 గ్రాములు. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ తాగే కొద్దిపాటి ఆయిల్ నుంచి వచ్చేది రోజుకు అర గ్రాము కూడా ఉండదు.

తర్వాత డీపీఎఫ్‌లు విప్పి, బూడిద తీసే చోటికి పంపి, తీసే ముందు, తీసిన తర్వాత తూకం వేయించాం. ఒక్కో దాంట్లో 550 నుంచి 640 గ్రాముల దాకా తేడా వచ్చింది. ఒకదాని నుంచి వచ్చిన బూడిదను చిన్న కవర్లో కట్టించి తెచ్చాను. లేత బూడిద రంగు, ముట్టుకుంటే విభూతిలా మెత్తగా ఉంది. మేస్త్రీ దాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి చూశారు.

మేస్త్రీ భయంలో నిజమెంత

ఆయిల్ ఆపేయండి అని చెప్పి వచ్చేస్తే ఈ కేసు మళ్లీ మొదటికి వచ్చేది. మనం పక్కకు వెళ్లగానే ఆయన మళ్లీ పోస్తారు, ఎందుకంటే పంపుల మీద ఆయన భయం అలాగే ఉంటుంది. ఆ భయం ఉత్తది కాదు. కాబట్టి దాన్ని విడిగా తీసుకుని జవాబు వెతకాల్సి వచ్చింది.

చాలామంది గంధకమే పంపుకు జిడ్డు ఇస్తుందనుకుంటారు. అది నిజం కాదు. రిఫైనరీలో గంధకం తీయడానికి డీజిల్‌ను హైడ్రోజన్‌తో, ఎక్కువ ప్రెషర్, వేడి మీద క్యాటలిస్ట్ గుండా పంపుతారు. ఆ పనిలో గంధకంతో పాటు, లోహానికి అంటుకుని రక్షించే కొన్ని సహజ పదార్థాలు కూడా పోతాయి. జిడ్డు తగ్గడానికి కారణం అది. అందుకే రిఫైనరీలు జిడ్డు కోసం బూడిద రాని అడిటివ్ కలుపుతాయి. మన ప్రమాణం ఐఎస్ 1460లో దానికి పరీక్ష ఉంది. ఉక్కు బంతిని ఉక్కు బిళ్ల మీద 60 డిగ్రీల డీజిల్‌లో 75 నిమిషాలు రుద్దుతారు. బంతి మీద పడే గాటు 460 మైక్రాన్లు మించకూడదు. బంకులో అమ్మే డీజిల్ అది దాటే వస్తుంది. చేతికి నీళ్లలా జారడం, పంపుకు జిడ్డు లేకపోవడం ఒకటి కాదు.

ఇదంతా మాటల్లో చెబితే ఆయన నమ్మాల్సిన పని లేదు. ఒక ఎక్స్‌కవేటర్ పంపు విప్పి బల్ల మీద పరిచాం. ముందు సీళ్లు, ఓ రింగులు చూశాం. చదునుగా అణిగిపోయి, గోరు గుచ్చితే దిగనంత గట్టిగా ఉన్నాయి. పాత నైట్రైల్ రబ్బరు అది. పాత డీజిల్‌లోని ఆరోమాటిక్స్ అనే పదార్థాలను పీల్చుకుని ఏళ్ల తరబడి ఉబ్బి ఉన్న సీళ్లు, అవి తగ్గిన డీజిల్ రాగానే కొద్దిగా ముడుచుకుంటాయి. కొత్త రబ్బరయితే సర్దుకుంటుంది. పదేళ్లు ముదిరిన రబ్బరు సర్దుకోలేదు, కారింది. 2020లో పంపులు కారడం మొదలయిందన్న ఆయన మాట నిజమే. కానీ అది అరుగుదల కాదు, సీలు. ఆయిల్ పోస్తే సీలు బాగుపడదు.

తర్వాత ప్లంజర్లు (పంపులో డీజిల్‌ను నెట్టే కడ్డీలు) తీసి వెలుతురుకు పెట్టి భూతద్దంలో చూపించాను. జిడ్డు లేక అరిగితే ఉపరితలం అద్దంలా నునుపెక్కి, రాసుకున్న గుర్తులు ఉంటాయి. ఇక్కడ నిలువు గీతలు, గోధుమరంగు చుక్కలు కనిపించాయి. గీతలు దుమ్మువి, చుక్కలు తుప్పువి. మేస్త్రీ భూతద్దం తీసుకుని చాలాసేపు చూశారు. "ఇది నీళ్ల పని" అన్నారు. ఆ మాట ఆయన నోటి నుంచే వచ్చింది.

ట్యాంకు అడుగున ఏముంది

కొలకర్రకు నీళ్లు కనిపెట్టే పేస్టు పూసి ట్యాంకులో దించితే, అడుగున నాలుగు సెంటీమీటర్ల మేర రంగు మారింది. అడుగు కాక్ తెరిచి గాజు సీసాలో పట్టాం. కింద నీళ్లు, పైన డీజిల్, రెండింటి మధ్య గోధుమరంగు జిగురు పొర. నీరూ డీజిలూ కలిసే చోట పెరిగే సూక్ష్మజీవుల పని అది. వారానికో ఫిల్టర్‌ను మింగుతున్నది ఇదే.

నీళ్లు ఎవరూ కలపలేదు. మన దగ్గర పగలు ట్యాంకు రేకు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, రాత్రి చల్లారుతుంది. చల్లారినప్పుడల్లా ట్యాంకు గాలి పీల్చుకుంటుంది. ఆ గాలితో చెమ్మ, రాతిదుమ్ము లోపలికి వెళ్తాయి. ఆ ఏడాది వానలు బాగా పడ్డాయి. గాలి పైపు మీద మూత కూడా లేదు, ఒక గుడ్డ కట్టి ఉంది.

అంటే అక్కడ ఉన్నవి మూడు వేర్వేరు సమస్యలు. టిప్పర్లకు ఆయిల్, పంపులు కారడానికి ముదిరిన సీళ్లు, ఫిల్టర్లకు, ప్లంజర్లకు నీళ్లూ దుమ్మూ. మూడింటికీ కలిపి కొత్త డీజిల్ అని ఒకే పేరు పెట్టడంతో ఒక్కదానికీ మందు పడలేదు.

మార్చినవి, ఎందుకు మార్చామో

రెండు ట్యాంకులు ఉన్నాయి కదా, ఒకటి పాత బండ్లకు, ఒకటి టిప్పర్లకు పెట్టి, పాత బండ్ల ట్యాంకులోనే ఆయిల్ పోసుకోవచ్చు కదా అని యజమాని అడిగాడు. వినడానికి బాగుంది. నేను ఒప్పుకోలేదు. రాత్రి షిఫ్టులో కరెంటు పోయినప్పుడు, టార్చి వెలుగులో ఒక కుర్రాడు పొరపాటున ఆ గొట్టం టిప్పర్‌లో పెడితే ఆ ఖర్చు ఎవరు భరిస్తారు? పైగా పాత బండ్లు ఎంతకాలం ఉంటాయి? రేపు కొనే జనరేటర్లకు, ఎక్స్‌కవేటర్లకు కూడా కఠినమైన నిబంధనలు వస్తున్నాయని అప్పటికే తెలుసు. అన్నట్టుగానే జనరేటర్లకు 2023 జూలై నుంచి, నిర్మాణ యంత్రాలకు 2025 జనవరి నుంచి కొత్త దశ వచ్చింది. అందుకే యార్డులో ఒక్క రకం డీజిలే ఉండాలి, అందులో ఏమీ కలపకూడదు అని తేల్చాం.

ట్యాంకులు రెండూ ఖాళీ చేసి, లోపల తుడిపించి, ఎండబెట్టాం. అడుగు ఒక వైపుకు వాలేలా దిమ్మె సరిచేసి, పల్లపు వైపు డ్రెయిన్ కాక్ పెట్టాం. పీల్చే పైపును అడుగు నుంచి పది సెంటీమీటర్లు పైకి లేపాం. గాలి పైపుకు చెమ్మ పీల్చే బ్రీదర్, గొట్టానికి ముందు నీళ్లు పట్టే ఫిల్టర్ బిగించాం. పైన రేకుల నీడ వేయించాం. బౌజర్ వచ్చాక రెండు గంటలు ట్యాంకును కదపకుండా వదిలేయాలన్నది కొత్త నియమం. అడుగుకు దిగాల్సింది దిగాకే పోయాలి.

ఎర్తింగ్ సంగతి విడిగా చెబుతాను, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. గంధకం తీసేసిన డీజిల్‌లో కరెంటు పారే గుణం తగ్గుతుంది. గొట్టంలో, ఫిల్టర్‌లో వేగంగా పారినప్పుడు పుట్టే స్టాటిక్ త్వరగా పోదు. బౌజర్‌కూ ట్యాంకుకూ మధ్య బాండింగ్ తీగ క్లిప్పు పెట్టి, ట్యాంకుకు ఎర్త్ గొయ్యి తీయించాం. ప్లాస్టిక్ బకెట్లతో తోడి పోయడం పూర్తిగా ఆపేశాం.

పాత పంపులకు కొత్త సీళ్లు, వైటాన్ అనే రకం రబ్బరు రింగులు వేశాం. దెబ్బతిన్న ప్లంజర్ సెట్టు ఒకటి మార్చాం. టిప్పర్ల ఇంజన్లలో కూడా యార్డులో ఉన్న పాత గ్రేడు ఆయిలే టాప్-అప్ చేస్తున్నారని అప్పుడే తెలిసింది. దాన్ని మార్చి, టిప్పర్ల ఆయిల్ డబ్బాలకు పచ్చ రంగు పట్టీ వేయించాం.

ఒక్క అనుమానం నాలో మిగిలింది. హైవే బండి బాగుండటానికి కారణం రోడ్డా, డీజిలా? రెండు తేడాలు కలిసి ఉన్నప్పుడు ఒకదానికే పేరు పెట్టకూడదు. డీపీఎఫ్ శుభ్రం చేసి వచ్చిన మొదటి టిప్పర్‌ను హైవేకు పంపకుండా, ఆ మూడు కిలోమీటర్ల దారిలోనే నెల రోజులు నడిపించాం. ట్యాంకుల పని ఇంకా పూర్తి కాలేదు కాబట్టి బంకు డీజిల్ మాత్రమే పోయించాం. రీజెన్ 20 గంటల దగ్గర నిలబడింది. కొత్తలో ఉన్న పాతిక ముప్పైకి రాలేదు. ఆ మిగిలిన తేడా చిన్న ట్రిప్పులది. సర్వీస్ సెంటర్ వాళ్లు చెప్పినదాంట్లోనూ కొంత నిజం ఉంది. ఇప్పటికీ పదిహేను రోజులకోసారి బండ్లు గుత్తి రోడ్డు ఎక్కుతాయి.

ఆ తర్వాత

నాలుగు టిప్పర్లు కోలుకున్నాయి. అయిదోదానిలో డీఓసీ ముందులా పనిచేయడం లేదు. అందరికంటే ఎక్కువ ట్రిప్పులు కొట్టి, ఎక్కువ డీజిల్ తాగిన బండి అది. వేడికి సల్ఫేట్లు కొంతవరకు విడిపోతాయి కానీ, పోయిన శక్తి అంతా తిరిగి రాలేదు. రీజెన్ 14 గంటలకే అడుగుతోంది. డీఓసీ మార్చాలా, అలాగే నడపాలా అన్నది యజమాని ఇంకా తేల్చుకోలేదు. మార్చమనే నా సలహా. ఖర్చు లక్షల్లో ఉంటుంది కాబట్టి ఒత్తిడి చేయలేకపోతున్నాను.

మొన్న అటువైపు వెళ్లినప్పుడు యార్డులో ఆగాను. ట్యాంకు పక్కన చెక్క బల్ల మీద గాజు సీసాలు వరసగా ఉన్నాయి, ఒక్కో సీసాకు ప్లాస్టర్ అంటించి బౌజర్ వచ్చిన తేదీ రాసి ఉంది. ప్రతి లోడు నుంచీ ఒక సీసా పట్టి, రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున్నే ఎండకు ఎత్తి చూస్తారట మేస్త్రీ. ఆ ఇత్తడి గరాటు గోడకు తగిలించి ఉంది. సీసాలు నింపడానికి తప్ప దాన్ని ఇంకెందుకూ వాడట్లేదని చెప్పి, ఆ రోజు సీసా నా చేతికిచ్చారు.